వారం వారం మన తలుపు తట్టేది ఎవరు?



వచ్చే ఆదివారం మీటింగులో ఫిబ్రవరి కన్వెన్షన్ ఒక్కటే అజెండా అని గ్రూపులో పెట్టారు. ప్రసంగీకుణ్ణి విజయవాడ నుంచి పిలవాలా, హైదరాబాదు నుంచి పిలవాలా? సౌండు సిస్టమ్ సింధనూరులో మాట్లాడాలా, రాయచూరు నుంచి తెప్పించాలా? భోజనాలు రెండు పూటలా, మూడు పూటలా? మూడు రోజులుగా నడుస్తున్న ఈ చర్చంతా చదివాను. అందులో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు. కన్వెన్షన్ అయిపోయి, షామియానా విప్పేశాక, నాలుగో రోజు పొద్దున మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? మీటింగులో మాట్లాడ్డానికి తలా ఐదు నిమిషాలే ఇస్తారు గనుక ఇక్కడ రాస్తున్నాను. పొడుగయింది, ఓపిక పట్టండి. సగం ఇవాళ, సగం రేపు చదివినా సరే.

నాకు కన్వెన్షన్ల మీద పగేమీ లేదు. క్యాంపుల్లో పుట్టి పెరిగిన పిల్లలు సంవత్సరానికోసారి అంతమంది విశ్వాసుల్ని ఒక్కచోట చూస్తారు, పాటలు నేర్చుకుంటారు, పెళ్ళి సంబంధాలు కూడా అక్కడే కుదురుతాయి. అవన్నీ మంచివే. కానీ మన పిల్లలు చర్చికి రావడం లేదు, కుటుంబ ప్రార్థనలు ఆగిపోయాయి, పేరుకే క్రైస్తవులుగా ఉన్నాం అని ప్రతి మీటింగులో బాధపడి, ఆ బాధకు మందుగా ప్రతిసారీ ఇంకో కన్వెన్షనే పెట్టుకుంటున్నాం. ఈ జబ్బుకి ఆ మందు పనిచెయ్యదని నా అభిప్రాయం.

సిలువ ఎత్తుకుని వెంబడించమని ప్రభువు చెప్పిన మాటను మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. అందులో ప్రతిదినం అన్నమాట లూకా సువార్తలోనే ఉంది. డిసెంబరు 31 రాత్రి వాగ్దానం కార్డు తీసుకుని గోడకి అంటించుకున్న రోజు గురించి కాదు, జూలైలో మోకాలి లోతు బురదలో నాట్లు వేసే రోజు గురించి కూడా లూకా మాట్లాడుతున్నాడు. మనకి పేచీ వచ్చేది అక్కడే.

మన జిల్లాలో రోజు ఎలా గడుస్తుందో బయటి నుంచి వచ్చే ప్రసంగీకులకి తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట సేపు ఏకాంత ప్రార్థన చెయ్యమని చెప్పి వెళ్తారు. నాట్ల కాలంలో మన ఆడవాళ్ళు నాలుగింటికి లేచేది వంట చేసి సద్ది కట్టుకోవడానికి. ఐదున్నరకి టంటం వచ్చి హారన్ కొడుతుంది. శక్తినగర్ థర్మల్‌లోనూ, హట్టి బంగారు గనిలోనూ పని చేసేవాళ్ళకి షిఫ్టు మారినప్పుడల్లా పొద్దు, రాత్రి తారుమారవుతాయి. కోతలప్పుడు రైసు మిల్లు హమాలీకి ఏ వారమన్నది కూడా గుర్తుండదు. వీళ్ళకి నాలుగింటి లెక్క చెప్తే పది రోజులు ప్రయత్నిస్తారు, పదకొండో రోజు మానేస్తారు. ఆ తర్వాత, నాకు భక్తి లేదు అని తమకి తామే తీర్పు చెప్పుకుంటారు. వాళ్ళల్లో భక్తికి లోటేమీ లేదు. వాళ్ళ రోజుకి సరిపోయే పద్ధతిని పక్కన కూర్చుని కుదిర్చిపెట్టే మనిషి లేడు.

ఇప్పుడు ఇంకొక సంగతి చూడండి. మన క్యాంపుల్లో వారం వారం, అదే రోజు, అదే గంటకి, ఒక్కసారి కూడా తప్పకుండా వచ్చే మనిషి ఒకడున్నాడు. గ్రూపు లోను కంతు వసూలు చేసే ఫైనాన్సు కుర్రాడు. పొద్దున్నే ఒక ఇంటి ముందు ఆడవాళ్ళంతా చాప మీద కూర్చోవాలి. హాజరు తీసుకుంటాడు. ఒకరు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాడు. ఏ ఇంట్లో మొగుడు తాగి కంతు డబ్బు పట్టుకుపోయాడో, ఏ ఇంట్లో పిల్లకి జ్వరమో, ఎవరు బెంగళూరుకి గుళే పోయారో అతనికి తెలుసు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. ఈ వసూళ్ళలో బెదిరింపులు ఎంత దూరం పోయాయంటే, 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం వాటిని ఆపడానికి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ పద్ధతిని నేను మెచ్చుకోవడం లేదు. నేననేది ఒకటే: మన ఇళ్ళ సంగతి పాస్టరుగారి కంటే, కమిటీ కంటే, ఫైనాన్సు కుర్రాడికి ఎక్కువ తెలుసు. ఎందుకంటే అతను వస్తాడు.

ఇది చదువుతుంటే మెథడిస్టు చరిత్ర తెలిసినవాళ్ళకి ఒక విషయం గుర్తు రావాలి. రాయచూరులో మెథడిస్టు చర్చి మన తాతల నాటిది. మనలో సగం కుటుంబాలు ఎక్కడో ఒకచోట ఆ చర్చితోనో, ఆ బడితోనో ముడిపడినవే. అయినా ఆ పేరెలా వచ్చిందని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. అది ఎగతాళికి పెట్టిన పేరు. 1729 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో వెస్లీ అన్నదమ్ములు, కొందరు స్నేహితులు కలిసి గంటల ప్రకారం ప్రార్థన, చదువు, వారానికి రెండు రోజుల ఉపవాసం, జైల్లో ఖైదీలను చూసిరావడం అని ఒక పద్ధతి పెట్టుకుంటే, తోటి విద్యార్థులు పద్ధతిగాళ్ళు అని నవ్వారు. ఆ నవ్వే పేరై నిలిచింది.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆక్స్‌ఫర్డ్ సంగతి కాదు, బ్రిస్టల్ సంగతి. అక్కడ కట్టిన ప్రార్థన మందిరం మీద అప్పు మిగిలిపోయింది. 1742 ఫిబ్రవరిలో ఆ అప్పు ఎలా తీర్చాలని కూర్చుని మాట్లాడుకున్నారు. మనిషికి వారానికి ఒక పెన్నీ వేసుకుందాం అని ఒకాయన అన్నారు. చాలామంది బీదవాళ్ళు, అదీ ఇవ్వలేరు అని ఇంకొకరన్నారు. అప్పుడా మొదటాయన, కెప్టెన్ ఫాయ్ అంటారు, ఒక లెక్క చెప్పారు: అందరికంటే బీదవాళ్ళని పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం ఇంటికెళ్ళి అడుగుతాను, ఇవ్వలేనివాళ్ళది నేనే వేస్తాను అన్నారు. మిగతావాళ్ళూ అలాగే పంచుకున్నారు. పెన్నీ కోసం ఇంటింటికీ తిరగడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. ఫలానావాళ్ళు బతకవలసినట్టు బతకడం లేదని వసూలుకి వెళ్ళినవాళ్ళే వచ్చి చెప్పారు. ఇన్నాళ్ళూ తాను వెతుకుతున్నది ఇదేనని వెస్లీకి అప్పుడు తట్టింది. వసూలు చేసే మనిషినే కాపరిగా మార్చాడు. పన్నెండు మందికి ఒక నాయకుడు, వారానికోసారి ఒక్కొక్కరినీ చూడాలి, నీ ఆత్మ ఎలా ఉంది అని అడగాలి, ఓదార్చవలసిన చోట ఓదార్చాలి, గద్దించవలసిన చోట గద్దించాలి. తర్వాత ఇల్లిల్లూ తిరగడం కష్టమై అందరూ ఒకచోట కూడడం మొదలుపెట్టారు. క్లాస్ మీటింగు అన్నది అలా పుట్టింది.

అదే కాలంలో జార్జ్ వైట్‌ఫీల్డ్ అని గొప్ప ప్రసంగీకుడుండేవాడు. ఆరుబయట ఆయన నిలబడితే వేలమంది వచ్చేవారు. ఆ గొంతు వెస్లీకి లేదు. కానీ తరవాతి తరాలకి నిలిచింది పన్నెండేసి మంది గుంపులే. మన కన్వెన్షన్ చర్చలో ఇది ఎవరైనా తలుస్తారని చూశాను.

మనం డిసెంబరు 31న చేసే వాచ్‌నైట్ సర్వీసుకి కూడా అక్కడ ఒక వేరుంది. బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అనే చోట బొగ్గు గనుల కార్మికులు శనివారం రాత్రుళ్ళు సారాయి దుకాణంలో గడిపేవారు. విశ్వాసంలోకి వచ్చాక, అవే రాత్రుళ్ళు ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు. వెస్లీ అది చూసి మిగతా చోట్ల కూడా పెట్టించాడు. ఎక్కడైతే పడిపోతున్నారో ఆ గంటనే పట్టుకున్నారు వాళ్ళు. హట్టి అన్నదమ్ములు ఈ మాట కొంచెం ఆలోచించాలి. జీతం పడిన రోజు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఎవరింట్లోనైనా కూడుకుంటే, అది ఆదివారం రెండు గంటల ఆరాధనకేమీ తీసిపోదు.

ఇంగ్లండు సంగతులు మనకెందుకు అనేవాళ్ళుంటారు. సరే, ఒంగోలుకి రండి. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మనం గొప్పగా చెప్పుకుంటాం, నిజమే. దానికి ముందున్న సంగతి చెప్పుకోం. కరువు రోజుల్లో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇప్పించారు. తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఇంకా ముందుకెళ్తే యర్రగుంట్ల పేరయ్య ఉన్నారు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద. 1866లో బాప్తిస్మం పొంది, వ్యాపారానికి నడిచిన దారుల్లోనే సువార్త మోసుకెళ్ళారు. ఆ మొదటి విశ్వాసులకి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవే. ఊరి చాకిరీ మీద బతికేవాడు ఆదివారం రాను అంటే ఏమవుతుందో, జాతరలో డప్పు కొట్టను అంటే ఊరి పెద్దలు ఏం చేస్తారో మన తాతలకి తెలుసు. దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. ప్రతిదినం అన్న మాట వాళ్ళకి కూలీ డబ్బుల్లో, నీళ్ళ బావి దగ్గర, గొడ్డు చచ్చిన రోజున ఎదురయింది.

మనకి ఎక్కడ ఎదురవుతుంది? వడ్లు కాటా దగ్గర. కూలివాళ్ళకి శనివారం ఇవ్వవలసిన డబ్బులు వచ్చే వారానికి తోసినప్పుడు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ముందు విశ్వాసం అడిగి, గొంతు తగ్గించి కులం అడిగినప్పుడు. ఈ చివరిది మన అసోసియేషన్‌లో ఎవరికీ వినడం ఇష్టం ఉండదని తెలిసే రాస్తున్నాను. అదే మూడు నియమాలు ఇవాళ మనకి పెట్టవలసి వస్తే మూడోది ఇదే అయి ఉండేది.

మన పక్క రాజ్యం అనకూడదు గానీ, ఒకప్పుడు రాయచూరు, డోర్నకల్ రెండూ నిజాం రాజ్యంలోవే. 1956 నవంబరు 1న మనం కర్ణాటక వైపు వచ్చాం. 1912లో డోర్నకల్‌కి బిషప్‌గా వచ్చిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు, ఆయన సొంత భాష తెలుగు కూడా కాదు. చదువు రాని పల్లెల్లో ఆయన చేయించిన పని చూడండి. ఊళ్ళో ఉపదేశకుడు ఉంటాడు, పనుల నుంచి వచ్చాక సాయంత్రం కూడుకుంటారు, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, కథలు, కీర్తనలు నోటికి నేర్పుతారు. బాప్తిస్మం పొందినవాళ్ళు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త చెప్పే బాధ్యత నాదే అని పలికేవారు. అక్కడ పొద్దున నాలుగింటి లెక్క లేదు. పొలం నుంచి వచ్చే టైముకే ప్రార్థన టైము.

ఇక మన జిల్లాకే ప్రత్యేకమైన సమస్య ఒకటుంది. దాన్ని ఏ ప్రసంగీకుడూ ముట్టుకోడు, ఎందుకంటే ఆయనకి తెలియదు. తుంగభద్ర కాలవ వచ్చాక గుంటూరు, కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడినవాళ్ళు తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వెంట తెచ్చుకున్నారు. వాళ్ళ మనవలు కన్నడ మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. తాతగారికి చూపు తగ్గింది, ఆయన చదవలేరు. నాన్న రాత్రి ఎనిమిదికి వస్తాడు, చదివే ఓపిక లేదు. ఇంట్లో కళ్ళు బాగున్నది, ఓపికున్నది పన్నెండేళ్ళ పిల్లకి. ఆ పిల్లకి తెలుగు అక్షరాలు రావు. కుటుంబ ప్రార్థన ఆగిపోయిన చోటు ఇదే. పిల్లలకి భక్తి లేదని తిడుతున్నాం. వాళ్ళ చేతికి వాళ్ళు చదవగలిగిన పుస్తకం ఇచ్చామా?

కన్నడ సత్యవేదవు ఆ పిల్ల చేతిలో పెట్టండి. పిల్ల కన్నడలో చదువుతుంది, నాయనమ్మ తెలుగులో వింటున్నట్టే వింటుంది. డెబ్బై ఏళ్ళుగా సంతలో కన్నడ మాట్లాడుతున్న మనిషికి ఆ మాత్రం అర్థం కాకపోదు. తర్వాత తెలుగు కీర్తన ఒకటి అందరూ పాడతారు, అది నోటికి వచ్చిందే. తెలుగు పోతుందని భయపడేవాళ్ళకి నా జవాబు: రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. కన్నడ వచ్చిన పిల్లకి తెలుగు అక్షరాలు నేర్పడానికి ఒక వేసవి సెలవులు చాలు. నేర్పుదాం. అందాకా ప్రార్థన ఆపి కూర్చోవద్దు.

ఎంత చదవాలన్నది కూడా మన రోజులకి తగ్గట్టు పెట్టుకోవచ్చు. బైబిలులో 1,189 అధ్యాయాలు. సంవత్సరంలో పూర్తి చెయ్యాలంటే రోజుకి మూడు నాలుగు చదవాలి. జనవరిలో ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళు లేవీయకాండం దగ్గర ఆగిపోవడం అందరికీ తెలిసిందే. కొత్త నిబంధన ఒక్కటే అయితే 260. వారానికి ఐదు రోజులు, రోజుకి ఒక్క అధ్యాయం, సరిగ్గా 52 వారాలు. శనివారం సెలవు, ఆదివారం చర్చి. రాత్రి అన్నాలు తిన్నాక పది నిమిషాల పని. నాట్ల వారంలో రెండు రోజులు తప్పినా శనివారం ఒకటి కలుపుకోవచ్చు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన క్యాంపుల్లో ప్రార్థన చెయ్యని ఇల్లు ఉందా? నీళ్ళన్నీ పోతే పంట ఏమవుతుందని వారం రోజులు ఏ ఫోను తీసినా అదే మాట, చివర్న ప్రార్థన చెయ్యండి అన్న మాట. కన్నయ్యనాయుడుగారి బృందం వారంలోనే స్టాప్‌లాగులు దించి నీళ్ళు నిలిపింది. స్తోత్రం చెప్పుకున్నాం. సెప్టెంబరులో కాలవ నిండుగా పారుతుంటే ఆ ప్రార్థనలు ఎన్ని ఇళ్ళల్లో మిగిలాయో ఎవరిళ్ళు వాళ్ళు లెక్కేసుకోండి. కష్టంలో మనం బాగానే నిలబడతాం. మన చిక్కంతా నీళ్ళొచ్చే సంవత్సరాల్లోనే.

అందుకని ఆదివారం నేను అడగబోయేది ఇది. కన్వెన్షన్ మూడు రాత్రులు కాకుండా ఒక్క రాత్రి పెట్టండి. మిగిలిన డబ్బుతో పెద్ద అక్షరాల కన్నడ బైబిళ్ళు కొని, తెలుగు చదవలేని పిల్లలున్న ఇళ్ళకి ఇవ్వండి. తిరిగేవాళ్ళకి బస్సు, పెట్రోలు ఖర్చు పెట్టండి. పన్నెండు ఇళ్ళకి ఇద్దరు చొప్పున, ఆడవాళ్ళున్న ఇళ్ళకి ఆడవాళ్ళే, లెంటు నలభై దినాలు వారానికోసారి వెళ్ళి కూర్చోవాలి. ఉపన్యాసం ఇవ్వకూడదు. చందా అడగకూడదు. ఈ వారం చదివారా, ఎక్కడ ఆగింది, ఇంట్లో ఎలా ఉన్నారు అని అడిగి, ఒక ప్రార్థన చేసి లేవాలి.

పాస్టరుగారి పని మనం చేస్తామా అని ఒక పెద్దాయన ఫోనులో అడిగారు. ఒక్క పాస్టరుగారు ఆదివారం మూడు నాలుగు క్యాంపులు తిరిగి ఆరాధన జరిపించే చోట వారానికి అన్ని ఇళ్ళు ఆయన ఎలా చూస్తారో ఆయన్నే అడగండి. నేను మాట్లాడిన పాస్టర్లు వద్దనలేదు. ఇంకో అభ్యంతరం ఉంది, ఇది బలమైనది: ఇళ్ళల్లోకి వెళ్తే ఇంటి గుట్టు బయటికొస్తుంది, చర్చి మెట్ల మీద అందరి నోళ్ళలో పడుతుంది. ఇది జరుగుతుంది, జరగదని నేను చెప్పను. విన్న మాట బయట పెట్టినవాళ్ళని ఆ పని నుంచి అదే వారం తప్పించాలి, వాళ్ళు కమిటీ మెంబర్లయినా సరే. అప్పు గొడవల్లో మధ్యవర్తిత్వం కూడా వాళ్ళు చెయ్యకూడదు. ఈ రెండూ మినిట్స్ బుక్కులో రాసుకున్నాకే మొదలుపెడదాం.

సింధనూరు, మాన్వి, సిరవార, లింగసుగూరు వైపు క్యాంపుల్లో ఉన్న ఇళ్ళ జాబితా రాసి తెస్తున్నాను. శక్తినగర్ కాలనీది అక్కడి సభ్యులు తెస్తే మేలు. హట్టికి షిఫ్టుల ప్రకారం వెళ్ళాలి గనుక అక్కడ పనిచేసేవాళ్ళే ఇద్దరు కావాలి. ఆదివారం మీటింగుకి ముందే నాకు ఫోను చేసి పేర్లు చెప్పండి. ఆడవాళ్ళ పేర్లు ఇప్పటికి నాలుగు వచ్చాయి, మగవాళ్ళది ఒక్కటీ రాలేదు.